నవంబరు వార్తాలేఖ: మెట్ల పక్క గోడ మీది పటం గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

బాలల దినోత్సవం నాడు మెట్ల పక్క గోడకు పెట్టిన భారతదేశ పటం ఫొటో వారం రోజులుగా మీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. దాని కింద రాసిన మాటలు కూడా ఎవరో ఒకరు నాకు పంపుతూనే ఉన్నారు. ‘మా పిల్లల్ని తీసుకెళ్లి వలసవాళ్ల లెక్కలో కలిపేశారు’ అని ఒకరు, ‘ఒడియా పాటలు నేర్పడానికా మేం బడికి పంపేది’ అని ఇంకొకరు. ఇద్దరూ నాకు బాగా తెలిసినవాళ్లే. ఆఫీసుకు వచ్చి అడిగితే కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి చెప్పేదాన్ని. రాలేదు కాబట్టి అందరికీ కలిపి రాస్తున్నాను.

మేం చేయించింది ఇంతే. తమవాళ్లు ఈ నగరానికి ఎక్కడి నుంచి వచ్చారో ఇంట్లో పెద్దల్ని అడిగి రమ్మన్నాం. ఆ ఊరి దగ్గర గుండుసూది గుచ్చి, అక్కడి నుంచి హైదరాబాద్ దాకా ఎర్ర దారం కట్టమన్నాం. కరీంనగర్, గుంటూరు, బీదర్, నాందేడ్, నాగర్‌కర్నూల్, ఒడిశాలోని బలాంగీర్... దారం కట్టనవసరం లేని పిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే తేలారు. ఫిర్యాదు చేసినవారి ఇళ్ల దారాలూ అందులో ఉన్నాయి. ఒక పిల్లవాడు డల్లాస్‌లో ఉన్న అన్నయ్య కోసం రెండో దారం కూడా కడతానన్నాడు. భారతదేశం పటంలో అమెరికా ఎక్కడుంటుంది? దారాన్ని గోడ మీదికి లాగి, స్విచ్‌బోర్డు పక్కన అంటించాడు. ఆ అన్నయ్యను అక్కడివాళ్లు ఏమని పిలవాలని మనం కోరుకుంటామో, ఆ ఇంట్లో ఒకసారి మాట్లాడుకుంటే బాగుండునని నాకనిపించింది.

పిల్లలు తవ్వితీసిన సంగతులు వింటే మీకూ ముచ్చటేస్తుంది. గోల్కొండ రాజ్యాన్ని స్థాపించిన సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతం నుంచి వచ్చినవాడు. 1591లో ఈ నగరం కట్టినప్పుడు దాని రూపురేఖలు దిద్దిన పేష్వా (ప్రధానమంత్రి) మీర్ మోమిన్‌ది ఇరాన్‌లోని అస్త్రాబాద్. మన నగరంలోని ఏసీ గార్డ్స్ అన్న పేట పేరు నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వికదళం (ఆఫ్రికన్ కావల్రీ) నుంచి వచ్చిందని ఏడో తరగతి పిల్లలు చెబుతుంటే, ఆ దారిన రోజూ బస్సులో వచ్చే మా సోషల్ టీచరే నోరు వెళ్లబెట్టింది. ఎనిమిదో తరగతిలో ఒక సర్దార్జీ పిల్లవాడున్నాడు. వాళ్ల పూర్వీకులు 1832లో పంజాబ్ నుంచి నిజాం సైన్యానికి సాయంగా వచ్చారట. అతను మాట్లాడిన తెలుగు విని నేను కాసేపు నా తెలుగు సరిచూసుకున్నాను. సరోజినీ నాయుడు పుట్టింది ఈ నగరంలోనే, 1879లో. ఆమె తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ బెంగాల్ నుంచి వచ్చి ఇక్కడ కాలేజీ నడిపారు. వాళ్ల దారం ఎవరు కట్టాలన్న దానిమీద ఆరో తరగతి రెండు సెక్షన్లూ కొట్టుకున్నంత పని చేశాయి.

నాగర్‌కర్నూల్ దారం కట్టిన అమ్మాయి గురించి చెప్పకుండా ఉండలేను. వాళ్ల నాయనమ్మ, మహబూబ్‌నగర్ వైపు నుంచి పనులకు వలసెళ్లే పాలమూరు లేబర్‌తో పాటు ఆనకట్ట పనులకు రాష్ట్రాలు దాటి వెళ్లింది. ఆ ముసలావిడ చెప్పినది చెప్పినట్టు, ఆవిడ మాటతీరులోనే, కాగితం చూడకుండా చెప్పింది. వెనక బెంచీల్లో ఉండే ఈ అమ్మాయికి ఇంత గొంతుందని మాకెవరికీ తెలియదు.

ఇక మీలో కొందరికి నచ్చని ఆ ఒడియా పాట. పాడిన పిల్లవాడి అమ్మానాన్నలు ఇటుక బట్టీలో పనిచేస్తారు. వినాయక చవితి మర్నాడు తమ ఊళ్లో నువాఖాయ్ పండగని, కొత్త బియ్యం వండి దేవతకు పెట్టాకే తింటారని, పెద్దలకు మొక్కి ‘నువాఖాయ్ జుహార్’ అంటారని చెప్పాడు. భద్రాచలం ఏజెన్సీ నుంచి వచ్చిన కోయ అమ్మాయి వెంటనే లేచి ‘మాకూ కొత్తల పండగ ఉంది సార్’ అంది. ఆ నిమిషం కోసం నేను ఎన్ని పీరియడ్లయినా వదులుకుంటాను.

ఇలాంటి పిల్లలు జూన్‌లో రారు. బలాంగీర్, నువాపడా జిల్లాల్లో కోతలయ్యాక బయల్దేరిన కుటుంబాలు నవంబరు, డిసెంబరు నెలల్లో బట్టీలకు చేరతాయి, వానలకు ముందు వెళ్లిపోతాయి. టీసీ ఉండదు, పుట్టిన తేదీ కాగితం ఉండదు. ‘మధ్యలో వచ్చినవాళ్లను చేర్చుకుంటే మా పిల్లల చదువు ఏం కావాలి’ అని అడుగుతున్నారు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. టీసీ లేదని చేర్చుకోవడం ఆలస్యం చేయకూడదు, వయసు ధ్రువపత్రం లేదని కాదనకూడదు, వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టి వెనకబడినది విడిగా నేర్పాలి. చట్టం లేకపోయినా నేను చేర్చుకునేదాన్ని. ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తిగారి ఫొటోకు దండ వేసి తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. ఆయన పర్లాకిమిడిలో ఉండి సవర అనే గిరిజన భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం పాఠాలు రాసి, సొంత డబ్బు పెట్టి బడులు నడిపారు. తెలుగు కోసం అంత పోట్లాడిన మనిషికి ఇంకో భాష పిల్లలు బరువనిపించలేదు. మనకెందుకు అనిపించాలి? నాలుగు నెలలే ఉండి వెళ్లే పిల్లవాడైనా ఆ నాలుగు నెలలూ ఈ బడి పిల్లవాడే. అతని పేరు హాజరు పట్టీలో చివర పెన్సిల్‌తో రాయం.

చెప్పడానికి ఇబ్బందిగానే ఉంది, అయినా చెప్పాలి. ‘బీహారోడు’, ‘భయ్యా గ్యాంగ్’ అన్న మాటలు మూడో తరగతి పిల్లల నోట వింటున్నాం. మా పాఠ్యపుస్తకాల్లో అవి లేవు. ‘వాళ్ల డబ్బాలోది తినొద్దని అమ్మ చెప్పింది’ అని ఒక పాప చాలా మర్యాదగా ఆయమ్మకు చెప్పిందట. మీరందరూ చదువుకున్నవారు, నేను విడమరచి చెప్పనక్కర్లేదనుకుంటాను. రాత్రి భోజనాల దగ్గర పిల్లలు ఫోన్ చూస్తున్నారులే, మన మాటలు వినడం లేదులే అనుకోకండి. అన్నీ వింటారు. ఫోన్ సంగతి ఇంకోసారి మాట్లాడుకుందాం.

మిగతావి: ఎస్.ఎ.–1 (మొదటి సమ్మేటివ్ పరీక్ష) ప్రోగ్రెస్ కార్డులు శనివారం ఇస్తాం, సోమవారానికి సంతకంతో పంపండి. పదో తరగతి పరీక్ష ఫీజు ఇంకా కట్టనివాళ్లు వెంటనే కట్టండి. గేటుకు అడ్డంగా బండ్లు ఆపొద్దని ఈసారి రాయడం లేదు, ఇప్పటిదాకా రాసినవి చదివి ఉంటే చాలు.

పటం సంక్రాంతి సెలవుల దాకా గోడ మీదే ఉంటుంది. తమ ఊరి దారం తీసేయాలనుకునేవారు పిల్లలతో కలిసి వచ్చి, వాళ్ల ముందే విప్పవచ్చు. ఇప్పటికి ఎవరూ రాలేదు. దారం కట్టని పిల్లలెవరైనా మిగిలి ఉంటే సూదులు, దారం ఆఫీసులో ఉన్నాయి.

మీలో ఎవరికైనా ఒడియా చదవడం, రాయడం వస్తే దయచేసి చెప్పండి. శనివారాలు ఒక గంట వచ్చి కొత్త పిల్లల పక్కన కూర్చుంటే మా టీచర్లకు పెద్ద సాయం. హిందీతో నెట్టుకొస్తున్నాం గానీ, లెక్కల దగ్గర ఆగిపోతున్నాం.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు