బీపీ చూడటానికి ఐదు నిమిషాలు కేటాయించండి

సంపాదకులకు నమస్కారం.

మన ఆసుపత్రుల ఓపీల్లో బీపీ చూసే తీరు మారాలి. చీటీ రాయించుకుని, మెట్లెక్కి, వరుసలో నిలబడి వచ్చిన మనిషి స్టూలు మీద సర్దుకుని కూర్చోకముందే చేతికి పట్టీ చుట్టేస్తారు. చొక్కా చెయ్యి పైకి తీయరు. ఓ పక్క పట్టీలో గాలి నిండుతుంటే ఇంకో పక్క "షుగరుందా? ఏం మందులు వాడుతున్నారు?" అని అడుగుతారు. జవాబు చెప్పేలోపు అంకె చీటీకెక్కుతుంది. చాలామందికి ఆ అంకెతోనే ఏళ్ల తరబడి వాడే మాత్ర మొదలవుతుంది.

మా పెద్దమ్మది లావుపాటి చెయ్యి. ఆమె వెళ్లిన చోట ఉన్నది ఒకటే సైజు పట్టీ. గాలి ఎక్కగానే అది టప్పున ఊడిపోతుంటే, సిస్టరు చేత్తో అదిమి పట్టుకుని చూసింది. 160 దాటిందన్నారు. ఇంకో డాక్టరు దగ్గర కాసేపు కూర్చోబెట్టి, పెద్ద పట్టీతో రెండుసార్లు చూస్తే 140కి లోపే వచ్చింది. ఇంట్లో అందరం టెన్షన్ పడ్డది దేనికి మరి?

ఇది మా ఇంటి సంగతే అనుకోవద్దు. బాగా పెద్ద పట్టీ కావాల్సిన చేతికి మామూలు పట్టీ కడితే పై బీపీ దాదాపు 20 పాయింట్లు ఎక్కువ చూపిస్తుందని అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 2023లో తేల్చారు. చెయ్యి బల్ల మీద ఆనకుండా పక్కకు వేలాడుతుంటే ఆరేడు పాయింట్లు పెరుగుతుందని ఆ మరుసటి ఏడాది చెప్పారు. 140/90 దాటితే బీపీ ఉన్నట్టే అని లెక్కగడుతున్నప్పుడు ఆ ఆరేడు పాయింట్లూ తక్కువేం కాదు. ఆసుపత్రిలో బాగానే ఉండి ఇంట్లో పెరిగేవాళ్లూ ఉన్నారు. వాళ్లను ఎవరూ పట్టించుకోవడం లేదు, నాకు ఎక్కువ భయం వాళ్ల గురించే.

సిస్టర్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఒక్క మిషను, బయట అంత మంది జనం, వాళ్లు మాత్రం ఏం చేస్తారు? 2017లో మొదలైన జాతీయ బీపీ నియంత్రణ కార్యక్రమానికి ముందుగా ఎంచుకున్న ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. 30 ఏళ్లు దాటిన వాళ్లకు ఊళ్లలోనే బీపీ చూస్తున్నారు. ఇంత పని చేస్తున్న ప్రభుత్వానికి ప్రతి ఓపీలో వీపు ఆనే కుర్చీలు నాలుగు, చెయ్యి పెట్టుకునే బల్ల ఒకటి, మూడు సైజుల పట్టీలు సమకూర్చడం పెద్ద భారం కాదు. వచ్చినవాళ్లను ఐదు నిమిషాలు మాట్లాడించకుండా కూర్చోబెట్టి, నిమిషం ఎడంతో రెండుసార్లు చూసి, సగటు రాయాలి. మొదటిసారి వచ్చినవాళ్లకు రెండు చేతులకూ చూడాలి. మిషన్లు సరిగ్గా చూపిస్తున్నాయో లేదో ఏటా పరీక్షించాలి.

ఇంట్లో మిషను ఉన్నవాళ్లకు ఒక మాట. మణికట్టుకు పెట్టుకునేది కాకుండా జబ్బకు కట్టేది కొనుక్కోండి. కొన్ని రోజులు ఉదయం, సాయంత్రం చూసి రాసిన కాగితం డాక్టరుకు చూపించండి. ఇంటి లెక్కలో 135/85 దాటితే ఎక్కువని అర్థం. అంకె తగ్గింది కదా అని మాత్రలు మాత్రం సొంతంగా మానకండి.

"కాసేపాగి ఇంకోసారి చూడండి" అని రోగి అడిగితే విసుక్కోకుండా చూడాలని ప్రతి ఓపీ గోడ మీదా బోర్డు పెట్టించాలని రెండు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలనూ కోరుతున్నాను.

ఒక పాఠకురాలు,
వరంగల్