ఇంజిన్ ఎంపిక: అనంతపురం సభ్యులకు ఈ ఏడాది వార్షిక నివేదిక

సొంతంగా విమానాలు కట్టుకునే మన సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సమావేశాల్లో చర్చ ఎక్కడ మొదలైనా ఇంజిన్ దగ్గరికే వచ్చి ఆగింది. సొంతంగా విమానం కట్టుకునేవారికి సర్టిఫైడ్ ఇంజిన్ (విమానాల కోసమే చేసి, అధికారిక ధ్రువీకరణ పొందినది) మేలా, కారు ఇంజిన్‌ను మార్చి బిగించుకోవడం మేలా అన్నది పాత ప్రశ్నే. మన ఎండకు, మన బంకుల్లో దొరికే పెట్రోలుకు ఏది నిలుస్తుందన్నది మాత్రం ఇక్కడివాళ్లమే తేల్చుకోవాలి. అందుకే నివేదికలో ఎక్కువ భాగం దానికే కేటాయించాం. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం.

ముందు ఇంధనం, తర్వాతే ఇంజిన్

మొదటి వర్క్‌షాప్ పెట్రోలు పరీక్ష మీద నడిచింది. బంకుల్లో ఇప్పుడు మామూలుగా వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. తేలిక విమానాల ఇంజిన్ అయిన రోటాక్స్ 912 శ్రేణికి తయారీదారు ఒప్పుకున్న హద్దు 10 శాతమే. పరీక్ష తేలిక. 100 మిల్లీలీటర్ల కొలజాడీలో 10 మి.లీ. నీళ్లు, 90 మి.లీ. పెట్రోలు పోసి, మూతపెట్టి బాగా కుదిపి, తేరుకోనివ్వాలి. నీటి గీత 10 దగ్గరే ఉంటే ఇథనాల్ లేనట్టు. 19 దాకా వస్తే సుమారు 10 శాతం, 28కి ఎక్కితే 20 శాతం. బంకు పేరు, బ్రాండ్ పేరు చూసి వదిలేయకుండా తెచ్చిన ప్రతి డబ్బానూ ఇలా చూడాలి.

నీళ్లతో ఇథనాల్‌ను కడిగేసి మిగిలిన పెట్రోలు వాడొచ్చుగా అని చాలామంది అడిగారు. వాడకూడదు. ఇథనాల్‌తో పాటు అది ఇచ్చే ఆక్టేన్ (నాకింగ్‌ను, అంటే సిలిండర్‌లో ఇంధనం అదుపు లేకుండా పేలడాన్ని తట్టుకునే గుణం) కూడా పోతుంది. 80 హార్స్‌పవర్ 912 యూఎల్‌కు 90 ఆక్టేన్, 100 హార్స్‌పవర్ యూఎల్ఎస్‌కు 95 కావాలి. కడిగిన పెట్రోలు అంత ఇస్తుందన్న భరోసా లేదు. నాకింగ్ మొదలైతే పిస్టన్ కరిగేదాకా పైలట్‌కు తెలియకపోవచ్చు. ఇథనాల్‌ను అలాగే ఉంచితే ఇంకో చిక్కు. అందులో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే జెట్‌తో (ఇంధనం వచ్చే సన్న రంధ్రం) కార్బ్యురేటర్ మిశ్రమంలో ఇంధనం పాలు తగ్గి, అంటే మిశ్రమం పలచబడి, మంట వేడెక్కుతుంది. ఫైబర్‌గ్లాస్ ట్యాంకులోని రెసిన్, ట్యాంకు సీలెంట్, పాత రబ్బరు గొట్టాలు మెత్తబడతాయి. తేమ పీల్చిన ఇథనాల్ చల్లబడినప్పుడు నీటితో కలిసి ట్యాంకు అడుగుకు చేరుతుంది.

ఏవీగ్యాస్ (విమానాల పెట్రోలు) సంగతి: 2022 సెప్టెంబరులో ఇండియన్ ఆయిల్ వడోదర దగ్గరి గుజరాత్ రిఫైనరీ నుంచి 100 ఎల్ఎల్ రకం ఏవీగ్యాస్‌ను దేశీయంగా తేవడం మొదలుపెట్టింది. అంతకుముందు అంతా దిగుమతే. సర్టిఫైడ్ ఇంజిన్లలో లైకమింగ్ ఓ-320లో 160 హార్స్‌పవర్ రకం కంప్రెషన్ (సిలిండర్‌లో మిశ్రమాన్ని నొక్కే నిష్పత్తి) 8.5:1, దానికి ఏవీగ్యాసే సరి. కాంటినెంటల్ ఓ-200ది 7:1 మాత్రమే, 80 ఆక్టేన్ కాలపు ఇంజిన్. ఏవీగ్యాస్‌లోని సీసం దాని ప్లగ్గుల్లో పేరుకుంటుంది, కాబట్టి విమానాన్ని నేల మీద నడిపేటప్పుడు మిశ్రమం పలచన చేయాలి. రోటాక్స్‌లో ఇదే సీసం ఆయిల్ ట్యాంకులో, గేర్‌బాక్స్‌లో బురదలా చేరుతుంది. ఎక్కువగా ఏవీగ్యాస్ వాడితే ఆయిల్‌ను 100 గంటలకు కాకుండా 50కే మార్చాలి. డ్రమ్ము ఎక్కడి నుంచి వస్తుందో, ఎవరు తెస్తారో తేలకముందు ఇంజిన్‌కు బయానా ఇవ్వొద్దని కార్యవర్గం సూచన.

ఎండ లెక్క

అనంతపురం సముద్రమట్టానికి సుమారు 335 మీటర్లు, అంటే 1,100 అడుగుల ఎత్తులో ఉంది. మే మధ్యాహ్నం 42 డిగ్రీలప్పుడు గాలి పలచబడి ఇంజిన్‌కు దాదాపు 4,600 అడుగుల ఎత్తులో ఉన్నట్టే లెక్క. టర్బో లేని ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగులకు సుమారు 3 శాతం బలం కోల్పోతుంది. కాబట్టి బ్రోచర్‌లోని 100 హార్స్‌పవర్ ఇక్కడ 86 దగ్గర ఉంటుంది. విమానం బరువు లెక్క ఆ 86తో వేసుకోండి.

ఆ ఎండలో పెట్రోలు గొట్టంలోనే ఆవిరై, ఇంధనం పారకుండా అడ్డుపడుతుంది (వేపర్ లాక్). ఏవీగ్యాస్ కంటే బంకు పెట్రోలు తొందరగా ఆవిరవుతుంది కూడా. పంపు తర్వాత ట్యాంకుకు రిటర్న్ లైన్ తప్పనిసరి. ఎగ్జాస్ట్ పక్కన పోయే గొట్టాలకు ఫైర్‌స్లీవ్ (వేడిని ఆపే తొడుగు) వేయాలి. పంపు మీదికి చల్లగాలి తగిలేలా చిన్న గొట్టం పెట్టాలి. బిగింపు పూర్తయ్యాక ఫ్లో పరీక్ష: ముక్కును ఆరోహణ కోణానికి ఎత్తి, కార్బ్యురేటర్ దగ్గర గొట్టం విప్పి, ఒక నిమిషం పట్టిన ఇంధనం కొలవండి. 912 యూఎల్ఎస్ టేకాఫ్‌లో గంటకు 27 లీటర్లు తాగుతుంది. పంపు ఉంటే దానికి 125 శాతం, అంటే నిమిషానికి 560 మి.లీ. రావాలి. పైట్యాంకు నుంచి దానంతట అదే దిగే పద్ధతైతే 150 శాతం, 675 మి.లీ. ట్యాంకులో కొద్దిగానే ఇంధనం ఉంచి చేస్తేనే ఈ పరీక్షకు విలువ.

గాలితో చల్లబడే లైకమింగ్‌లో సిలిండర్ హెడ్ హద్దు 260 డిగ్రీల సెల్సియస్. ఎక్కువకాలం మన్నాలంటే క్రూజ్‌లో 205 దాటనీయకూడదు. వేడెక్కే విమానాల్లో ముందు అనుమానించాల్సింది బ్యాఫిల్ (గాలిని సిలిండర్ల మీదికి మళ్లించే రేకులు) అంచుల సందుల్ని. గాలి సిలిండర్ రెక్కల గుండా పోకుండా ఆ సందుల్లోంచి తప్పించుకుంటుంది.

కారు ఇంజిన్ గురించి

దీని మీద ఎక్కువ వాదన జరిగింది కాబట్టి సూటిగా చెబుతున్నాం. కారు ఇంజిన్ బ్లాకు పగిలి విమానం దిగడం అరుదు. చెడిపోయేవి దాని చుట్టూ మనం కట్టినవి: రిడక్షన్ డ్రైవ్ (ఇంజిన్ వేగాన్ని ప్రాపెల్లర్‌కు తగ్గించే గేర్లు), రేడియేటర్, వైరింగ్. రోడ్డు మీద కారు తన బలంలో కొంతే వాడుతుంది. విమానం గంటల తరబడి 75 శాతం లాగుతుంది. సిలిండర్ పేలుళ్ల కుదుపు, ప్రాపెల్లర్ బరువు కలిసి ఏదో ఒక ఆర్‌పీఎం దగ్గర మెలికల కంపనం పుడుతుంది. ఆ ఆర్‌పీఎంలో నిలిస్తే గేర్ల పళ్లో, షాఫ్టో విరుగుతుంది. రోటాక్స్ ఐడిల్‌ను 1,400 కంటే కిందికి దించొద్దనడం కూడా గేర్‌బాక్స్‌ను ఇలాంటి కుదుపు నుంచి కాపాడటానికే. ఇక ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ ఉంటే ఆల్టర్నేటర్ పోయాక బ్యాటరీ ఇంజిన్‌ను ఎన్ని నిమిషాలు నడపగలదో నేల మీద నడిపి కొలవాలి. రెండో బ్యాటరీ, రెండో పంపు, వాటికి విడి స్విచ్‌లు ఉండాలి. బ్యాటరీ అక్కర్లేకుండా తామే నిప్పురవ్వ పుట్టించే మ్యాగ్నెటోలకు ఈ బెడద లేదు.

గాలితో చల్లబడే పాత ఫోక్స్‌వ్యాగన్ కారు ఇంజిన్‌కు గేర్ అక్కర్లేదు, ఒంటిసీటు తేలిక విమానానికి బాగానే ఉంటుంది. దాని నుంచి 80 హార్స్‌పవర్ నిరంతరం పిండాలనుకుంటే ఎగ్జాస్ట్ వాల్వులు కాలిపోతాయి.

అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ పద్ధతిలో సర్టిఫైడ్ ఇంజిన్, ప్రాపెల్లర్ జోడీ ఉంటే పరీక్షా ప్రయాణాలు 25 గంటలు, లేకుంటే 40. మనకు అనుమతి ఇచ్చేది డీజీసీఏ (పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్), కాబట్టి ఆ అంకెల్ని ఇక్కడ చట్టంగా తీసుకోవద్దు.

సర్టిఫైడ్ అన్నంత మాత్రాన

పాత లైకమింగ్ కొనేవారు గంటలు ఒక్కటే చూస్తున్నారు. ఓవర్‌హాలింగ్‌కు (పూర్తిగా విప్పి బాగుచేయడానికి) గడువు 2,000 గంటలు లేదా 12 ఏళ్లు, ఏది ముందైతే అది. ఏళ్ల తరబడి నిలబెట్టిన ఇంజిన్‌లో క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిపించే కడ్డీ) పైభాగంలో ఉంటుంది కాబట్టి ఆయిల్ జారిపోయి తుప్పు పడుతుంది. దాన్ని చూడకుండా తిప్పితే క్యామ్ మీద ఆనే లిఫ్టర్లు పొడిలా రాలతాయి. ఆయిల్ ఫిల్టర్ కోసి మడతల్లో ఇనుప రజను ఉందేమో చూడండి. సిలిండర్‌లోకి 80 పీఎస్ఐ గాలి పంపి ఎంత నిలుస్తుందో చూసే డిఫరెన్షియల్ పరీక్షలో 60 కంటే తక్కువ వస్తే గాలి ఎక్కడ ఊదుతోందో వినండి: ఎగ్జాస్ట్‌లోనా, కార్బ్యురేటర్‌లోనా, ఆయిల్ మూతలోనా. ఫిల్టర్ ఉంటే 50 గంటలకు, లేకుంటే 25కు, ఎగరకపోయినా నాలుగు నెలలకు ఆయిల్ మార్చాలి.

మొదటిసారి కట్టేవారికి రోటాక్స్ 912 గానీ, చరిత్ర పుస్తకాలున్న ఓ-200 గానీ తీసుకొమ్మని కార్యవర్గం అభిప్రాయం. ప్రయోగం చేయాలనుంటే ఓ-200లో ఒక మ్యాగ్నెటో ఉంచి రెండోదాని చోట ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టుకోండి. కారు ఇంజిన్ మార్చడమే ఇష్టమైనవారిని ఆపం. కానీ వాళ్లు విమానంతో పాటు ఒక ఇంజిన్‌ను కూడా కొత్తగా రూపొందిస్తున్నారు. దానికి తగ్గ కాలం, డబ్బు విడిగా పెట్టుకోవాలి.

వచ్చే ఏడాది మొదటి వర్క్‌షాప్ రోటాక్స్ జంట కార్బ్యురేటర్ల సమతుల్యం మీద. సంఘం కంప్రెషన్ టెస్టర్, టార్క్ రెంచ్ తీసుకెళ్లినవారు సర్వసభ్య సమావేశం లోపు కార్యదర్శికి అప్పగించాలి. రెంచ్‌ను దాని స్కేలులోని కనిష్ఠ అంకెకు తిప్పి ఇవ్వండి.