కర్నూలు పెద్దాసుపత్రిలో ఆక్యుపేషనల్ థెరపీ కోర్సు ఎందుకు పెట్టరు?

సంపాదకులకు నమస్కారం.

నీట్, ఈఏపీసెట్ ఫలితాలు వచ్చే రోజుల్లో మా ఇంటికి పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు వస్తూనే ఉంటారు. జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైన వాణ్ణి కాబట్టి సలహా చెప్పడం నా డ్యూటీ అని మా వీధిలో అందరికీ ఒక నమ్మకం. ఎంబీబీఎస్ సీటు రాకపోతే ఇంకేముంది సార్ అంటారు. బీడీఎస్, వెటర్నరీ, అగ్రికల్చర్, నర్సింగ్, ఫిజియోథెరపీ అని చెప్పుకుంటూ పోతే తలూపుతారు గానీ, ఆక్యుపేషనల్ థెరపీ, అంటే జబ్బో దెబ్బో తగిలిన మనిషికి రోజువారీ పనులు తనే చేసుకోవడం నేర్పే చికిత్స, అనగానే "అదేం కోర్సు సార్, యాడుంది?" అని ఆగిపోతారు. వెల్లూరు సీఎంసీలో ఉంది, చెన్నై దగ్గర ముట్టుకాడులో కేంద్ర ప్రభుత్వ సంస్థలో ఉంది, ఒడిశాలో కటక్ దగ్గర ఉంది అని చెప్తాను. ఆడపిల్లని అంత దూరం ఎట్లా పంపేది అనుకుని ఫార్మసీలో చేర్పిస్తారు. ఏటా ఇదే తంతు.

ఈ మధ్య మా మేనకోడలు ఫోన్ చేసింది. అమెరికాలో ఒక యూనివర్సిటీలో ఇదే సబ్జెక్టులో పీజీ చేస్తోంది. వాళ్ళ డిపార్ట్‌మెంట్ పెరుగుతోందట, సీట్లు పెంచుతున్నారట, కొత్త ల్యాబులు కడుతున్నారట. అక్కడ 2007 నుంచి పీజీ స్థాయి చదువు లేనిదే ఈ వృత్తిలోకి కొత్తగా రానివ్వడం లేదు. 2027 కల్లా అందరికీ డాక్టరేటే ఉండాలని 2017లో ఒక నిర్ణయం కూడా చేశారు గానీ, పెద్ద చర్చే జరిగి వెనక్కి తగ్గారు. ఇప్పుడు మాస్టర్స్ చేసినా సరే, డాక్టరేట్ చేసినా సరే. వాళ్ళు ఏ డిగ్రీ చాలు అని కొట్లాడుకుంటుంటే మా దగ్గర ఆ డిగ్రీ పేరు చెప్తేనే జనం మొహం చూస్తున్నారు. ఫోన్ పెట్టేశాక ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైతే ఏమనుకోవద్దు, పాఠం చెప్పే అలవాటు పోలేదు.

ఈ థెరపీ ఏం చేస్తుందో నేను పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు. మా బావది ఎమ్మిగనూరు, మగ్గం నేసే ఇల్లు. మాచాని సోమప్ప గారు 1938లో చేనేత సొసైటీ పెట్టిన ఊరు కదా, అక్కడ మగ్గం శబ్దం లేని వీధి ఉండేది కాదు ఒకప్పుడు. ఆయనకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. ప్రాణం నిలిచింది. ఫిజియోథెరపీ చేయిస్తే కాలు కుదురుకుంది, కర్ర పట్టుకుని నడిచాడు. డాక్టర్లు వాళ్ళ పని వాళ్ళు బాగానే చేశారు, ఆ మాట చెప్పాల్సిందే. అసలు కథ ఇంటికి వచ్చాక మొదలైంది. చొక్కా తొడుక్కోలేడు, పంచె బిగించుకోలేడు, బాత్రూంకి పోవాలంటే మా అక్క పట్టుకోవాలి. ఎడమ చేత్తో తినమంటే నలుగురిలో ఎడమ చెయ్యి నోటి దగ్గర పెట్టడానికి సిగ్గు, దాంతో పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ పోవడమే మానేశాడు. మనిషి బతికే ఉన్నాడు గానీ ఇంట్లో మూలకి చేరిపోయాడు.

చివరికి వెల్లూరు తీసుకుపోయాం. అక్కడ చిన్నమ్మాయి ఒకామె, చదువు అయిపోయి ఎన్నో ఏళ్ళు అయినట్టు కూడా లేదు, ఆయన ఒళ్ళో చొక్కా పరిచింది. పడిపోయిన చెయ్యిని ముందు చొక్కా చేతిలో ఎక్కించి, భుజం దాకా లాక్కుని, ఆ తర్వాత వెనక నుంచి తిప్పి బాగున్న చెయ్యి దూర్చమంది. విప్పేటప్పుడు దీనికి ఉల్టా, బాగున్న చెయ్యి ముందు బయటికి. అంతే. రెండు మూడు రోజుల్లో మా బావ తన చొక్కా తనే వేసుకున్నాడు. గుండీలు పెట్టుకోవడానికి ఇంకొన్నాళ్ళు పట్టింది. ఆ అమ్మాయి చెయ్యి ఎంత ఎత్తు లేస్తుందో కొలవడంతో ఆగలేదు. ఇంట్లో గడప ఎంత ఎత్తు, మరుగుదొడ్డి కింద కూచునేదా పైన కూచునేదా, భోజనం చాప మీదా టేబుల్ మీదా, మగ్గం గుంట మగ్గమా కాదా అని ఒక్కొక్కటే అడిగి రాసుకుంది. అంతకు ముందు ఏ ఆసుపత్రిలోనూ మమ్మల్ని ఎవరూ గడప సంగతి అడగలేదు. మా బావ మళ్ళీ మగ్గంలో దిగలేదు, ఆ మాట అబద్ధం చెప్పను. కానీ కుడి చేత్తో దారం ఆనించుకుని ఎడమ చేత్తో రాట్నం తిప్పుతూ కండెలు చుడుతున్నాడు, దాని కూలి ఎంతో తర్వాత సంగతి, పొద్దున్నే పని మీద కూచుంటున్నాడు. పెళ్ళిళ్ళకీ వస్తున్నాడు.

ఫిజియోథెరపీ ఉంది కదా, మళ్ళీ ఇదెందుకు అని అడిగే వాళ్ళు ఉంటారు. రెండూ పక్కపక్కన ఉండాల్సినవే, ఒకదానికి ఒకటి పోటీ కాదు. ఫిజియో కండరాన్ని, కీలుని, నడకని చూస్తే, ఓటీ, అంటే ఈ ఆక్యుపేషనల్ థెరపీ, ఆ మనిషి పొద్దున లేచిన దగ్గర్నుంచి చేసుకోవాల్సిన పనులను చూస్తుంది. తినడం, స్నానం, వంట, బడిలో రాయడం, కూలికి పోవడం, అన్నీ.

ఇక మా కర్నూలు సంగతి. పెద్దాసుపత్రికి మా జిల్లా వాళ్ళే కాదు, నంద్యాల వైపు నుంచి, గద్వాల నుంచి, రాయచూరు నుంచి, బళ్ళారి నుంచి కూడా వస్తారు. 44వ నంబరు హైవే మీద బైకు పడిపోయిన వాళ్ళు, బేతంచెర్ల బండల ఫ్యాక్టరీల్లో వేళ్ళు నలిగిన వాళ్ళు, చెనిక్కాయల మిషన్‌లో చెయ్యి పెట్టిన వాళ్ళు, ఒళ్ళు కాలిన ఆడవాళ్ళు, పక్షవాతం వచ్చిన వాళ్ళు. చెయ్యి తెగిన కేసు ఒక్కటి తీసుకోండి. సర్జన్ తెగిన స్నాయువుని, అంటే కండరాన్ని ఎముకకి కలిపే తాడు లాంటి దాన్ని, కుడతాడు. కుట్టిన వెంటనే ఇష్టమొచ్చినట్టు కదిలిస్తే కుట్టు తెగుతుంది, భయపడి అసలు కదిలించకపోతే చుట్టూ అతుక్కుపోయి వేళ్ళు బిగుసుకుపోతాయి. ఈ రెంటి మధ్య దారి చూపించే మనిషి కావాలి. వేడినీళ్ళలో మెత్తబడే ఒక రకం ప్లాస్టిక్ షీటుని ఆ చేతి మీదే అచ్చు తీసి స్ప్లింట్ తయారు చేసి, ఏ వారం ఎంత కదిలించాలో చెప్పి, కొన్ని వారాల పాటు వెంట ఉండి చేయించాలి. అది ఓటీలో నేర్పే పని. అది జరగకపోతే ఆపరేషన్ ఉచితంగా అయిపోయి కూడా పిడికిలి పట్టని చేతితో రైతు ఇంటికి పోతాడు. గడ్డపార పట్టలేని చెయ్యి మా వైపు ఎవరికి కావాలి?

పిల్లల సంగతి ఇంకా దారుణం. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలు ఉన్నాయి, అక్కడి టీచర్లు ఉన్నంతలో కష్టపడుతున్నారు. టౌన్లలో అయితే, కర్నూలే కాదు అనంతపురం, కడప కూడా, ఆటిజం థెరపీ సెంటర్లని సందుకొకటి వెలుస్తోంది. బోర్డు మీద ఓటీ, స్పీచ్, బిహేవియర్ అని అన్నీ ఉంటాయి. లోపల పిల్లాడితో కూచున్న మనిషి ఏం చదివాడో తల్లిదండ్రులకి తెలియదు, అడగడానికి మొహమాటం, మాట రాని పిల్లాణ్ణి పెట్టుకుని ఉన్న టెన్షన్‌లో ఎవరు మాత్రం సర్టిఫికెట్ అడుగుతారు? 2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం జాతీయ కమిషన్ చట్టం చేసింది. ఆక్యుపేషనల్ థెరపీ అందులో ఉంది. ఇలాంటి వృత్తి డిగ్రీకి కనీసం 3,600 గంటల చదువు ఉండాలని, రాష్ట్రాల్లో కౌన్సిళ్ళు పెట్టి పేర్లు నమోదు చేయాలని అందులో రాసుంది. మంచి చట్టమే. అయితే చదివిన వాళ్ళే దొరకని చోట రిజిస్టర్ పెట్టి ఏం రాసుకుంటారు? పొరుగు రాష్ట్రం నుంచి వచ్చి మా దగ్గర ఉండేవాళ్ళు ఎంతమంది ఉంటారు?

ప్రభుత్వం వికలాంగులకి నెలకి 6,000 రూపాయల పింఛను ఇస్తోంది, పూర్తిగా మంచం పట్టిన వాళ్ళకి 15,000 ఇస్తోంది. ఇవ్వాల్సిందే, ఎవరి పింఛనూ తీసేయమని నేను చెప్పడం లేదు, వైకల్యం ఎంతో రాసిచ్చే సదరం సర్టిఫికెట్ కోసం జనం పడే అవస్థ చాలు. నా ప్రశ్న వేరే. మంచంలో ఉన్న మనిషికి జీవితాంతం డబ్బు ఇవ్వడానికి ఒప్పుకున్న సర్కారు, అదే మనిషిని కుర్చీలోకి, కుర్చీ నుంచి వంటింట్లోకి తెచ్చే ఒక్క ఉద్యోగానికి జీతం ఇవ్వడానికి ఎందుకు వెనకాడాలి?

సరే, కోర్సు పెట్టండి అని రాయడం తేలిక. నా భయం ఒకటుంది, అది చెప్పే తీరాలి. ఇంజనీరింగ్ కాలేజీలు ఎట్లా పెట్టారో చూశాం, నర్సింగ్ కాలేజీలు కొన్ని ఎట్లా నడుస్తున్నాయో కూడా చూస్తున్నాం. హైవే పక్కన బిల్డింగు, కాగితం మీద ఆసుపత్రి, వంద సీట్లు. ఓటీ కూడా ఆ దారి పడితే ఇప్పుడున్న బోర్డుల సెంటర్లకే డిగ్రీ ముద్ర వేసినట్టు అవుతుంది. మా మేనకోడల్ని అడిగాను, మీ యూనివర్సిటీ అంత డబ్బున్నది కదా, ఒకేసారి సీట్లు రెట్టింపు చేసేయొచ్చు కదా అని. నవ్వింది. అక్కడ చదువు పూర్తి కావాలంటే క్లాసులు కాకుండా 24 వారాలు ఫుల్‌టైమ్ ఆసుపత్రుల్లో, బడుల్లో, కేంద్రాల్లో పని చేయాలి. ఆ చోట్లలో స్టూడెంట్‌ని దగ్గర కూచోబెట్టుకుని నేర్పే సీనియర్ థెరపిస్టు ఉండాలి. అలాంటి చోట్లు ఎన్ని దొరికితే అన్నే సీట్లు, అదే పెద్ద తలనొప్పి అంది. ఆక్యుపేషనల్ థెరపిస్టుల ప్రపంచ సమాఖ్య పెట్టిన కనీస ప్రమాణం కూడా 1,000 గంటల ఫీల్డ్ అనుభవం. కాబట్టి నాకు హైవే పక్కన వంద సీట్లు వద్దు, పెద్దాసుపత్రిలో పది సీట్లు చాలు. పేషెంట్లకి కొదవ లేదు కదా మాకు. కర్నూల్లో కొన్నాళ్ళు, కడప రిమ్స్‌లో కొన్నాళ్ళు, అనంతపురం ఆసుపత్రిలో కొన్నాళ్ళు తిప్పితే ఆ గంటలు ఇక్కడే పూర్తవుతాయి. అనంతపురం జిల్లాలో 1969 నుంచి పని చేస్తున్న ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే స్వచ్ఛంద సంస్థకి వికలాంగులతో పల్లెల్లో పని చేసిన అనుభవం ఉంది, వాళ్ళని అడిగితే విద్యార్థులకి ఊళ్ళు ఎట్లా తిరగాలో నేర్పుతారు.

పాఠం చెప్పే వాళ్ళేరీ అంటారు. నిజమే, బీఓటీ, అంటే ఓటీలో డిగ్రీ, చెప్పాలంటే ఎంఓటీ, అంటే అందులో పీజీ, చేసిన వాళ్ళు కావాలి, ఎంఓటీ పెట్టాలంటే ముందు బీఓటీ ఉండాలి, చెట్టు ముందా విత్తు ముందా అన్నట్టే ఉంటుంది. కానీ ముంబైలో 1950లో కేఈఎం ఆసుపత్రిలో ఆసియాకే మొదటి ఓటీ స్కూలు పెట్టినప్పుడు పరిస్థితి ఇంతకన్నా అధ్వాన్నం. అమెరికాలో పుట్టి మరాఠీ ఇంటి కోడలైన కమలా నింబ్కర్ గారు దాన్ని మొదలు పెట్టారు. రెండేళ్ళలో, 1952లో, దేశంలో ఆక్యుపేషనల్ థెరపిస్టుల సంఘం వచ్చింది, అదే ఏడు ప్రపంచ సమాఖ్యను స్థాపించిన పది దేశాల్లో మనమూ ఒకరం అయ్యాం. డెబ్భై ఏళ్ళు దాటింది, ఆ చదువు తుంగభద్ర దాటి మా ఊరికి రావడానికి ఇంకెంత కాలం? ఇప్పుడైతే దారి ఉంది. ఇక్కడి పిల్లలు కొందరిని ప్రభుత్వ ఖర్చుతో కటక్‌కో వెల్లూరుకో పంపి బీఓటీ, ఎంఓటీ చేయించి తెచ్చుకోవాలి. ఈలోపు బయట నుంచి ఇద్దరు ముగ్గురు సీనియర్లని డెప్యుటేషన్ మీద తేవాలి. బాండ్ రాయించుకున్నా పారిపోతారు సార్ అని ఒక మిత్రుడన్నాడు. పోస్టు ఉంటే ఎందుకు పారిపోతారు? పోస్టు లేకుండా డిగ్రీ ఇస్తే మాత్రం దుబాయ్‌కో లండన్‌కో పోతారు, వాళ్ళని తప్పు పట్టడానికి లేదు. జిల్లా ఆసుపత్రుల్లో, భవిత కేంద్రాల్లో ముందు పోస్టులు మంజూరు చేసి ఆ తర్వాత సీట్లు ప్రకటించాలి. మా దగ్గర ఎప్పుడూ ఇది తలకిందులుగానే జరుగుతుంది.

పీజీ దాకా ఎందుకు, డిగ్రీ చాలదా అంటే చాలదు. థీసిస్ రాసే వాళ్ళు ఇక్కడ ఉంటే తప్ప ఇక్కడి ప్రశ్నలు ఎవరూ అడగరు. ఫోర్కు, స్పూను పట్టుకోవడం ఎట్లా నేర్పాలో పుస్తకాల్లో బోలెడు ఉంటుంది. వేళ్ళు సగమే ముడుచుకునే మనిషి సంగటి ముద్ద చేసి పులుసులో అద్దుకోవడానికి ఏం చేయాలి? ఏళ్ళ తరబడి గుంట మగ్గంలో కాళ్ళు పెట్టి వంగి నేసిన నేతగాడి నడుము, మోకాళ్ళు ఎంత అరుగుతాయి, ఆ మగ్గాన్ని ఎట్లా మారిస్తే ఇంకో పదేళ్ళు నేయగలడు? మోకాళ్ళు ఆపరేషన్ చేయించుకున్న అవ్వ నేల మీద కూచోకుండా రొట్టెలు ఎట్లా తట్టాలి? జొన్నరొట్టె లేని ఊళ్ళో కూచున్న ప్రొఫెసర్‌కి ఈ మూడోది తట్టదు, తట్టకపోవడం ఆయన తప్పూ కాదు.

దీనికి కోట్ల బిల్డింగు కూడా అక్కర్లేదు. ఒక పెద్ద హాలు, అందులో ఒక వంటగట్టు, ఒక పొయ్యి, కింద కూచునే మరుగుదొడ్డి ఒకటి, నాలుగు మెట్లు, ఒక గడప, చాపలు, స్ప్లింట్లు చేసుకునే బల్ల, కుదిరితే ఒక మగ్గం. పేషెంటు ఇంటికి పోయే ముందు ఇల్లు ఎట్లా ఉంటుందో అక్కడే ప్రాక్టీసు చేసుకుంటాడు.

విజయవాడలోని హెల్త్ యూనివర్సిటీ వాళ్ళు, ఆరోగ్య శాఖ వాళ్ళు అవసరం ఎంతుందో తెలియదు కదా అనకుండా ఉండాలంటే ముందు ఒక పని చేయించండి. పెద్దాసుపత్రిలో ఆర్థో, న్యూరాలజీ, ప్లాస్టిక్ సర్జరీ, పిల్లల వార్డుల నుంచి డిశ్చార్జ్ అయ్యే వాళ్ళని మూడు నెలల పాటు నాలుగు ప్రశ్నలు అడగండి. చొక్కా లేదా చీర మీరే కట్టుకోగలరా, మీ చేత్తో మీరు తినగలరా, మరుగుదొడ్డికి ఒక్కరే పోగలరా, మీ పనికి మీరు మళ్ళీ పోగలరా. వచ్చిన లెక్క మీ పేపర్లో వేయండి. అడిగి రాసుకోవడానికి స్టాఫ్ లేరంటారేమో, రిటైరైన లెక్చరర్లం మా టౌన్లో చాలామందే ఉన్నాం, పర్మిషన్ లెటర్ ఒక్కటి ఇప్పిస్తే ఫారాలు పట్టుకుని రేపే వస్తాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్,
కర్నూలు