‘సైకాలజిస్టును సంప్రదించండి’ అన్న తర్వాత ఇంకో నాలుగు ముక్కలు రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో, భర్త పోయిన దగ్గర్నుంచి రాత్రిళ్ళు నిద్ర పట్టక, పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతున్నానని బాధపడిన ఒకావిడ ఉత్తరం వేశారు. సమాధానం బాగానే ఉంది. కానీ ఎప్పటిలాగే చివర్లో ‘దగ్గర్లోని మంచి సైకాలజిస్టును సంప్రదించండి’ అని ముగించేశారు. నా ఫిర్యాదు ఆ ఒక్క వాక్యం మీదే. ఆవిడ రేపు ఎవరినో కనుక్కుని, ధైర్యం చేసి ఆ మెట్లెక్కిందే అనుకోండి, లోపల ఏం జరుగుతుందో ఆవిడకు చెప్పిందెవరు? నాకూ ఎవరూ చెప్పలేదు. అందుకే ఒక్కసారి వెళ్ళి ఎనిమిది నెలలు మానేశాను. ఆ ఎనిమిది నెలలు మా ఇంట్లో ఎలా గడిచాయో నాకు తెలుసు కాబట్టే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

నాది తెనాలిలో మెడికల్ షాపు. ఇరవై రెండేళ్ళుగా నడుపుతున్నాను. మా నాన్నగారు పోయాక తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేసేది, గుండె దడదడలాడేది, ఇంక నిద్ర పట్టేది కాదు. ఈసీజీ, టూడీ ఎకో, థైరాయిడ్ అన్నీ తీయించాను, అన్నీ నార్మల్. డాక్టరుగారు చీటీ మీద మందులేవీ రాయకుండా ‘కౌన్సెలింగ్’ అని ఒక్క మాట రాసిచ్చారు. మా షాపులో ఏ మాత్ర ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని తీయగలను గానీ, ఆ మాటకి అర్థం మాత్రం తెలియలేదు. ఊళ్ళో అందరూ ఎరిగినవాణ్ణి కదా, ఎవరి కంటా పడకూడదని విజయవాడలో ఒక సైకాలజిస్టు మేడమ్‌ని చూసుకున్నాను.

ఆ గది ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. ఎదురెదురుగా కాకుండా కొంచెం పక్కవాటుగా వేసిన రెండు కుర్చీలు, మధ్యలో చిన్న బల్ల, దాని మీద టిష్యూ పేపర్ల డబ్బా, మంచినీళ్ళ సీసా. గోడ గడియారం నా వీపు వెనకాల ఉంది, ఆవిడకి కనపడుతుంది, నాకు కనపడదు. ముందు రెండు పేజీల ఫారం ఇచ్చారు: పేరు, వయసు, వాడుతున్న మందులు, అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి, కింద సంతకం. తర్వాత తొమ్మిది ప్రశ్నలున్న ఇంకో కాగితం. గత రెండు వారాల్లో నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, పని మీద ఆసక్తి ఉందా అని ఒక్కొక్కటీ అడిగి, అస్సలు లేదు, కొన్ని రోజులు, సగం కంటే ఎక్కువ రోజులు, దాదాపు ప్రతిరోజూ అన్నవాటిలో ఒకదానికి టిక్కు పెట్టమంటారు. తొమ్మిదో ప్రశ్న దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. చనిపోతే బాగుండునన్న ఆలోచన గానీ, మనకి మనం హాని చేసుకోవాలన్న ఆలోచన గానీ వస్తోందా అన్న ప్రశ్న అది. ఆవిడ అది గమనించి, గొంతేమీ మార్చకుండా, నిద్ర గురించి అడిగినట్టే దాని గురించీ అడిగారు. ఆ ప్రశ్న అందరినీ అడుగుతారు. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ఇది తెలియక కొందరు ‘నన్ను అలాంటిదాన్ని అనుకున్నారా’ అని లేచి వచ్చేస్తారు. దయచేసి అక్కడ నిజం చెప్పండి, దాన్ని బట్టే మిగతా వైద్యం నడుస్తుంది.

మిగతా టైమంతా ఆవిడ అడగడం, నేను చెప్పడం. పిల్లలెంతమంది, నాన్నగారితో ఎలా ఉండేవారు, ఎప్పటినుంచి ఇలా ఉంది, ఇంతకుముందు ఎప్పుడైనా వచ్చిందా. యాభై నిమిషాలయ్యాక ‘వచ్చే వారం ఇదే టైముకి రండి’ అన్నారు. అంతే. మాత్ర లేదు, సలహా లేదు, ఇలా చేయండి అన్న మాటే లేదు. 1,200 రూపాయలు కట్టి బయటికొచ్చాను. తిరుగు పాసింజరులో కృష్ణా బ్రిడ్జి దాటేలోపే నిర్ణయించేసుకున్నాను, ఇంక రాకూడదని. నేనే చెప్పి, నేనే డబ్బులిచ్చి రావడమేంటి అనిపించింది.

తొలిరోజు రక్తపరీక్ష లాంటిదని, మందు ఆ తర్వాతేనని నాకు ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు చెప్పి ఉంటే మానేవాణ్ణి కాదు.

మళ్ళీ వెళ్ళింది మా ఆవిడ పోరు పడలేక. ఈసారి వెళ్ళేముందు నాలుగైదు చోట్ల ఫోన్ చేసి కనుక్కున్నాను. ఒకచోట పది సెషన్లకి ముందే డబ్బు కట్టాలన్నారు, మధ్యలో మానేస్తే వాపసు లేదట. వద్దనుకున్నాను. మీ చదువేంటి, రిజిస్ట్రేషన్ ఉందా అని అడగడానికి మొహమాటపడొద్దు. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివిన డాక్టరు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, మాటల వైద్యం చేస్తారు, వారికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ‘కౌన్సెలర్’ అన్న బోర్డు మాత్రం మంచి చదువు చదివినవాళ్ళూ పెడుతున్నారు, వారం రోజుల ఆన్‌లైన్ కోర్సు చేసినవాళ్ళూ పెడుతున్నారు. ఫీజు ఎంత, ఎంతసేపు, రాలేకపోతే ఎన్ని గంటల ముందు చెప్పాలి, చెప్పకపోతే డబ్బు పోతుందా, తెలుగులో మాట్లాడతారా, ఇవన్నీ ఫోన్‌లోనే అడిగేయొచ్చు. సరైనవాళ్ళయితే విసుక్కోరు.

అన్నిటికన్నా తెలుగు సంగతి ముఖ్యం. చాలామంది సైకాలజిస్టులు చదివేది ఇంగ్లిషులో, మనం ఏడ్చేది తెలుగులో. రెండోసారి నేను కలిసిన మేడమ్ ప్రతి సంఘటనకీ ‘అప్పుడు మీకేమనిపించింది?’ అని అడిగేవారు. ‘మా తమ్ముడిదే తప్పనిపించిందండి’, ‘డాక్టర్లు సరిగా చూడలేదనిపించిందండి’ అని చెప్పేవాణ్ణి. మూడు వారాలు ఇలా నడిచాక ఆవిడ ఆపి, ‘మీరు చెబుతున్నవన్నీ అభిప్రాయాలండి, ఆ క్షణంలో లోపల ఉన్నదేంటి, కోపమా, భయమా, సిగ్గా?’ అన్నారు. నిజమే కదా. మన ‘అనిపించింది’లో ఆలోచనా, బాధా రెండూ కలిసిపోయి ఉంటాయి, ఒకదాని చాటున ఇంకొకటి దాక్కుంటుంది. ఆరోజు చాలాసేపు నోట మాట రాలేదు. ఆవిడ కూడా తొందరపెట్టలేదు, ఫ్యాను చప్పుడు ఒక్కటే వినపడుతోంది. ఆ తర్వాత వచ్చింది అసలు మాట. నాన్నగారికి ఆ రాత్రి ఆయాసం వస్తే గ్యాస్ అనుకుని నేనే షాపులోంచి తెచ్చిన మాత్ర వేశాను. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి గంటన్నర ఆలస్యమైంది. మందులమ్మేవాణ్ణి, నాకే తెలియకపోతే ఎలా? దాని పేరు సిగ్గు. ఏడాదికి పైగా తమ్ముడి మీద, డాక్టర్ల మీద కోపమని పేరు పెట్టుకుని తిరిగాను.

ఆ తర్వాత ఆవిడ ఒక నోటుపుస్తకం పెట్టించారు. మూడింటికి మెలకువ వస్తే ఎంతకి లేచాను, మొదట వచ్చిన ఆలోచన ఏంటి, ఒంట్లో ఏం తెలిసింది, ఆ ఆలోచన ఎంతవరకు నిజం అని నాలుగు గళ్ళలో రాయాలి. హోంవర్కు అంటారు దీన్ని. రాయకుండా వెళ్తే తిట్టరు, ఎందుకు రాయలేకపోయారో మాట్లాడతారు, అదీ వైద్యంలో భాగమే. వెళ్ళగానే తేలికైపోతుందని మాత్రం అనుకోవద్దు. నాలుగో వారం నుంచి ఆరో వారం దాకా నాకు ముందుకంటే ఎక్కువైంది, రైల్లో కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను, షాపులో కుర్రాణ్ణి ఊరికే కసిరాను. మానేస్తానని ఆవిడతోనే చెప్పాను. ఆవిడ నొచ్చుకోలేదు. పాత గాయం కదిపినప్పుడు కొంతకాలం అలా ఉంటుందని చెప్పి, నిద్ర మరీ చెడిందని ఒకసారి సైకియాట్రిస్టు దగ్గరికి పంపారు. ఆయన కొద్ది వారాలకి మందు రాశారు. రెండూ కలిపి నడవడం మామూలేనట. మొత్తం పద్నాలుగు సెషన్లు పట్టింది, మొదట వారానికోసారి, తర్వాత పదిహేను రోజులకి, చివర్లో నెలకోసారి. అందరికీ ఇన్నే పడతాయని కాదు. నాలుగైదుసార్లు వెళ్ళినా మనసు విప్పలేకపోతున్నాం అనుకుంటే ఆ మాట వాళ్ళకే చెప్పొచ్చు, మనిషిని మార్చుకోవచ్చు కూడా. బట్టల కొట్టు మార్చడానికి మొహమాటపడం కదా.

మా ఆవిడ ఒకరోజు నాకు తెలియకుండా ఆ మేడమ్‌కి ఫోన్ చేసి ‘ఏం చెబుతున్నారండీ మా ఆయన?’ అని అడిగిందట. నా అనుమతి లేనిదే చెప్పనన్నారట. మా ఆవిడకి కోపమొచ్చింది, నాకు మాత్రం అప్పుడే పూర్తి నమ్మకం కుదిరింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మన వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు ఇస్తోంది. ప్రాణానికి ప్రమాదం ఉన్నప్పుడు, ఇంకొకరికి హాని జరిగేలా ఉన్నప్పుడు, పిల్లల మీద లైంగిక దాడి సంగతి బయటపడినప్పుడు, కోర్టు అడిగినప్పుడు మాత్రం చెప్పాల్సి రావచ్చు. ఆ మినహాయింపులు మొదటిరోజే చెప్పాలి. చెప్పకపోతే అడగండి.

డబ్బు సంగతి దాచడం దేనికి, పద్నాలుగు సెషన్లకి 16,800 అయింది, రైలు ఛార్జీలు వేరే. ఒంటి జబ్బుకి ఎలా ఇస్తారో మనసు జబ్బుకీ అలాగే బీమా ఇవ్వాలని అదే చట్టంలో ఉంది, కానీ ఆసుపత్రిలో చేరితేనే ఇచ్చే పాలసీలే ఎక్కువ కాబట్టి ఇలా వారం వారం వెళ్ళే ఖర్చు జేబులోంచే పోతుంది. అంత పెట్టలేనివాళ్ళు గుంటూరు, విజయవాడ పెద్దాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలకి వెళ్ళొచ్చు. ప్రభుత్వం 2022 అక్టోబరులో పెట్టిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ ఉంది, 14416కి ఏ వేళప్పుడు చేసినా ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మీ పేజీలో తల పట్టుకుని చీకట్లో కూర్చున్న మనిషి బొమ్మ వేసే చోట ఆ నంబరు పెద్ద అక్షరాల్లో వేయండి, దాని పక్కనే మొదటిరోజు ఏమేం అడుగుతారో ఎవరైనా క్లినికల్ సైకాలజిస్టు చేత రాయించండి.

మొన్న బుధవారం రాత్రి షాపు కట్టేసే వేళకి డిగ్రీ చదివే కుర్రాడు ఒకడు వచ్చి నిద్ర మాత్రలు కావాలన్నాడు. చీటీ లేదు. ఇవ్వనని చెప్పి, కౌంటరు లోపలికి పిలిచి కూర్చోబెట్టాను. కాసేపటికి వాడే నోరు విప్పాడు. మందుల కవరు వెనకాల 14416 రాసిచ్చి, విజయవాడ మేడమ్ సంగతీ చెప్పాను. వెళ్ళేముందు గుమ్మంలో ఆగి, ‘అక్కడ ఏం అడుగుతారు అంకుల్?’ అన్నాడు. ఆ ఫారం సంగతి, తొమ్మిది ప్రశ్నల సంగతి, మొదటిరోజు ఏమీ తేలదన్న సంగతి చెబుతుండగానే ఇంజెక్షన్ కోసం ఎవరో పరుగెత్తుకుంటూ వచ్చారు, నేను లేవాల్సి వచ్చింది. వాడికి సగమే చెప్పగలిగాను. మిగతా సగం మీ పేపర్లో రావాలి.

నా పేరు వేయవద్దని మనవి. నేను చెప్పుకోవడానికి సిగ్గుపడటం లేదు, నాన్నగారి చివరి రాత్రి సంగతి మా అమ్మకి ఇంకా తెలియదు.

– ఒక మెడికల్ షాపు యజమాని, తెనాలి