దిండులోంచి మూడు గిన్నెల పొట్టు తీశాక

మా దగ్గర బక్‌వీట్ అనే గింజ పొట్టుతో నింపిన దిండ్లు కొన్న అందరికీ నమస్తే.

పోయిన నెల ఒక దిండు వెనక్కి వచ్చింది. దాంతో పాటు ఒక చీటీ: "రాయి మీద తల పెట్టుకున్నట్టుంది. నాలుగు రాత్రులు ఓపిక పట్టాను. ఐదో రోజు మెడ పట్టేసింది." చదవగానే మనసు చివుక్కుమంది. ముందు కాస్త కోపం కూడా వచ్చింది, దాచను. అలవాటు కావడానికి టైమ్ పడుతుందని చెప్పాం కదా అనుకున్నాను.

ఆ రాత్రి అదే దిండు వేసుకుని పడుకున్నాను. ఆవిడ రాసింది నిజమే. తల దిండులోకి దిగడం లేదు, పైనే నిలబడుతోంది. లేచి, నేల మీద పాత దుప్పటి పరిచి, జిప్ తీసి గిన్నెతో పొట్టు తోడడం మొదలుపెట్టాను. ఒక గిన్నె తీస్తే పెద్ద తేడా తెలియలేదు. రెండోది తీశాక తల పట్టేంత గుంత పడింది. మూడోది కూడా తీసి పక్కకు తిరిగి పడుకుంటే భుజానికీ చెవికీ మధ్య ఉన్న ఖాళీ సరిగ్గా నిండింది. పొద్దున లేచి చూస్తే ఆ గుంత అలాగే ఉంది.

తప్పు నాదే. కొనేవాళ్లు దిండును ముందు చేత్తో నొక్కి చూస్తారు, నిండుగా ఉంటే గట్టి సరుకు అనుకుంటారు. ఆ భయంతో కుక్కి కుక్కి నింపాం. పైగా అందంగా ఉంటుందని జిప్‌ను కుట్టు కింద దాచేశాం. ఇంతకాలం వాడుతున్నా దానికి జిప్ ఉందనే తెలియదని ఈ మధ్య చాలామంది ఫోన్‌లో చెప్పారు. వాళ్లను ఏమనగలను?

ఈ దిండు గొప్పతనమంతా పొట్టు కదలడంలో ఉంది. బక్‌వీట్ పేరులో వీట్ ఉంది కానీ అది గోధుమ కాదు, గడ్డి జాతి కూడా కాదు. చుక్కకూర కుటుంబానికి చెందిన మొక్క. గింజకు మూడు పలకలు. లోపలి పప్పు తీసేశాక మిగిలే పొట్టు నల్లగా, గట్టిగా, బోలుగా, చిన్న దొప్పల్లా ఉంటుంది. తల బరువు పడగానే ఈ దొప్పలు పక్కకు జరిగి, ఒకదాన్నొకటి పట్టుకుని ఆగిపోతాయి. ఫోమ్‌లా తిరిగి పైకి తన్నవు, దూదిలా తెల్లారేసరికి అణిగిపోవు. కానీ జరగాలంటే సంచిలో చోటుండాలి. మేము ఆ చోటే లేకుండా చేశాం.

అందుకే ఇప్పటినుంచి తక్కువ నింపి, మిగతా పొట్టును విడిగా చిన్న సంచిలో పెట్టి పంపుతాం. జిప్ పైకే కనిపిస్తుంది. పాత దిండు ఉన్నవాళ్లు పొడుగు వైపు కుట్టును వేలితో తడిమి చూడండి, దొరుకుతుంది. వెల్లకిలా పడుకునేవాళ్లకు ఎత్తు తక్కువ చాలు, పక్కకు తిరిగి పడుకునేవాళ్లకు ఎక్కువ కావాలి. బోర్లా పడుకునే అలవాటుంటే మాత్రం, వ్యాపారం పోయినా చెప్తాను, ఈ దిండు మీకు నప్పకపోవచ్చు. ఒకేసారి ఎక్కువ తీసేయకండి. ఒక గిన్నె తీసి రెండు రాత్రులు చూడండి. తీసిన పొట్టు పారేయకండి. ఏళ్లు గడిచేకొద్దీ లోపలి దొప్పలు నలిగి దిండు పల్చబడుతుంది, అప్పుడు కలుపుకోవచ్చు.

మా పెట్టె మీద ఇంకో మాట ఉండేది: "మెడనొప్పికి, గురకకు పరిష్కారం." దాన్ని తీసేశాం. మెడకు ఆసరా సరిగ్గా కుదిరితే కొందరికి హాయిగా ఉంటుంది, నాకూ ఉంది. అది వైద్యం కాదు. నొప్పి చేతుల్లోకి పాకుతున్నా, తిమ్మిర్లు వస్తున్నా దిండ్లు మారుస్తూ కూర్చోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

చల్లదనం గురించి కూడా కొంచెం ఎక్కువే చెప్పాం. దొప్పల మధ్య ఖాళీల్లోంచి గాలి ఆడుతుంది కాబట్టి ఒంటి వేడి దిండులో నిలవదు, చెంప కింద చెమట తగ్గుతుంది. అంతే. దానంతట అది చల్లబడే దిండు కాదు.

అన్నిటికంటే ముఖ్యమైన విషయాన్ని ఇన్నాళ్లూ పెట్టె అడుగున చిన్న అక్షరాల్లో వేశాం. బక్‌వీట్ అలర్జీ ఉన్నవాళ్లు ఈ దిండు వాడకూడదు. ఆ గింజ తినకపోయినా, పొట్టు ధూళి పీల్చినందుకే ఆయాసం వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే ముందే డాక్టర్‌ను అడగండి. ఏడాది లోపు పిల్లలకైతే ఈ దిండే కాదు, ఏ దిండూ వద్దు. ఇప్పుడు ఈ హెచ్చరికను పెట్టె ముందువైపే వేయిస్తున్నాం.

ధూళి అంటే గుర్తొచ్చింది. రెండు విడతల కిందట వచ్చిన సరుకును మేము ఒక్కసారే జల్లించాం. కొన్ని దిండ్లలో సన్నని పొడి మిగిలిపోయింది, ఒకాయన రాత్రంతా తుమ్ముతూనే ఉన్నారట. అలాంటి పొడిలో పిండి రేణువులు ఉంటే పురుగు కూడా పడుతుంది. ఇప్పుడు రెండుసార్లు జల్లించి, చివర్లో గుప్పెడు తీసి తెల్లగుడ్డ మీద రుద్ది చూస్తున్నాం. గుడ్డ మాస్తే ఆ బస్తా మళ్లీ జల్లెడకే. మీ దిండు దులిపితే పొడి రాలుతుంటే చెప్పండి, పొట్టు మొత్తం మార్చి ఇస్తాం.

పొట్టును నీళ్లలో మాత్రం వేయకండి, బూజు పడుతుంది. పొట్టంతా ఒంపేసి, గలీబు, లోపలి సంచి ఉతుక్కోండి. పొట్టును నెలకోసారి కాసేపు ఎండలో ఆరబోస్తే చాలు.

బరువు, చప్పుడు మా చేతిలో లేవు. పెద్ద సైజు 3 కిలోల పైమాటే. తల తిప్పినప్పుడల్లా గరగరమంటుంది. జపాన్‌లో సోబా నూడుల్స్‌కు ఈ గింజే వాడతారు. ఆ పొట్టుతో నింపిన దిండ్లు అక్కడ ఎప్పటినుంచో ఉన్నాయి, అవీ ఇలాగే చప్పుడు చేస్తాయి. నాకు వారంలో అలవాటైంది. మా ఇంట్లో వాళ్లకు ఇప్పటికీ కాలేదు, దూది దిండే వాడుతున్నారు.

చీటీ రాసినావిడకు మూడు గిన్నెలు తగ్గించిన దిండు పంపాను. పది రోజులకు మెసేజ్ వచ్చింది: "ఇంకో అర గిన్నె తీశాను. ఇప్పుడు బాగుంది."