కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక 2024–25: మన ఇళ్ల కింద నేల సంగతి

గౌరవ సభ్యులకు నమస్కారం.

వీధి దీపాలు, కాలువల పూడికతీత, వినాయక చవితి, సంక్రాంతి ముగ్గుల పోటీ ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు ఆడిటర్ సంతకంతో నోటీసు బోర్డులో ఉన్నాయి. ఈ నివేదికలో ఎక్కువ చోటు ఒక్క పనికే ఇస్తున్నాం: కాలనీ నేల పరీక్ష. ఈ ఏడు సంఘం డబ్బు దీనికే ఎక్కువ పోయింది, సభ్యుల మధ్య వాదన కూడా దీనిమీదే ఎక్కువ నడిచింది.

2024 డిసెంబర్ 4 ఉదయం ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఆ రోజంతా మన వాట్సాప్ గ్రూపులో ఒకటే టెన్షన్: తిరుపతికి ఇలాంటిది వస్తుందా అని. ఫలానా రోజు ఫలానా చోట వస్తుందని చెప్పగలిగే శాస్త్రం ఇంకా లేదు. అలా చెప్పే మెసేజీలను దయచేసి ఫార్వర్డ్ చేయకండి. వస్తే ఏ ఇల్లు ఎంత ఊగుతుందన్నది మాత్రం చాలావరకు ముందే అంచనా వేయవచ్చు. కమిటీ పట్టుకున్నది ఆ కొసనే.

2002 నాటి దేశ భూకంప పటంలో నెల్లూరు, చెన్నై మూడో జోన్‌లో ఉన్నాయి (జోన్ అంకె పెరిగేకొద్దీ ప్రమాదం ఎక్కువ). మన ప్రాంతం రెండో జోన్, మూడో జోన్ కలిసే వైపు ఉంది. హిమాలయాల అంచున ఉన్న ఊళ్లతో పోలిస్తే మన ప్రమాదం చాలా తక్కువ. అయితే జోన్ నంబరు చూసి నిశ్చింతగా ఉండటానికి లేదు. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున భూకంపానికి మహారాష్ట్రలోని కిల్లారి నేలమట్టమైన నాటికి ఆ ఊరు అన్నిటికన్నా తక్కువ ప్రమాదమున్న ఒకటో జోన్‌లో ఉండేది. 2002లో పటం తిరగరాసినప్పుడు ఆ జోన్‌నే తీసేశారు. మన చుట్టుపక్కల కూడా నేల పూర్తిగా నిద్రపోవడం లేదు. 2021 నవంబర్ వానల తర్వాత రామకుప్పం వైపు పల్లెల్లో శబ్దాలతో ప్రకంపనలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 3 అర్ధరాత్రి దాటాక తిరుపతికి ఈశాన్యంగా సుమారు 85 కి.మీ. దూరంలో 3.6 తీవ్రత నమోదైంది. ఇవి గోడలు కూల్చేంతవి కావు.

దూరంగా వచ్చిన భూకంపం కూడా మెత్తని నేలను గట్టిగా ఊపుతుంది. 2025 మార్చి 28న మయన్మార్‌లో 7.7 తీవ్రతతో వస్తే, దాదాపు వెయ్యి కి.మీ. అవతల బ్యాంకాక్‌లో, కడుతూ ఉన్న 30 అంతస్తులు దాటిన భవనం కూలింది. కట్టడంలో లోపాల మాట అలా ఉంచితే, బ్యాంకాక్ కింద ఉన్నది మెత్తటి బంకమట్టి. ఖాట్మండు లోయ ఇంకా మంచి పాఠం. ఒకప్పటి సరస్సు ఎండి ఏర్పడిన లోయ అది. 2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో వచ్చినప్పుడు ఆ లోతైన ఒండ్రు నిదానంగా, పెద్ద ఊపులతో ఊగింది. ఒక్కో ఊపుకు నాలుగైదు సెకన్లు పట్టింది. రెండు మూడు అంతస్తుల ఇళ్లు తమ సహజ తీరులో ఒకసారి ఊగడానికి పట్టేది సెకనులో చిన్న భాగమే. నేల ఊపు, ఇంటి ఊపు కలవలేదు కాబట్టి, భయపడినంత నష్టం వాటికి జరగలేదు. అందుకే నేల, దానిమీది కట్టడం రెండూ కలిపి చూడాలి.

ఇక మన ఊరు. తిరుమల కొండల అడుగున ఉన్నది అతి ప్రాచీన గ్రానైటు, దానిమీద క్వార్ట్‌జైటు అనే గట్టి రాతి పొరలు. ఈ రెండూ కలిసే గీతను ఘాట్ రోడ్డులో కళ్లారా చూడవచ్చు. భూగర్భ సర్వే సంస్థ దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించింది. కొండ పాదం నుంచి స్వర్ణముఖి వైపు దిగేకొద్దీ బండ లోతుకు పోతుంది, ఇసుక, ఒండ్రు పెరుగుతాయి. మధ్యలో వంకలు, చెరువులు. వాటిలో కొన్ని ఇప్పుడు లేఅవుట్లు.

2021 వరదల్లో శ్రీకృష్ణ నగర్‌లో నేలలో పాతిన సిమెంటు వరల ట్యాంకు దానంతట అదే పైకి లేచిన సంగతి అందరికీ గుర్తుంది. వింతగా చూశాం, వీడియోలు తీశాం. ఇసుక నేలలో ఊటనీరు పైదాకా వచ్చి, ట్యాంకు ఖాళీ కాగానే నీటి తోపుడుకు అది తేలింది, అంతే. భూకంపానికీ ఇక్కడ ఒక చుట్టరికం ఉంది. నీటితో నిండిన వదులు ఇసుక గట్టిగా ఊగితే కాసేపు ద్రవంలా మారిపోతుంది. అప్పుడు ఖాళీ ట్యాంకులు పైకి తేలతాయి, బరువైన ఇళ్లు ఒరుగుతాయి. 1964లో జపాన్‌లోని నీగాటాలో అపార్ట్‌మెంట్లు అలాగే పక్కకు ఒరిగాయి. మన దగ్గర అంత ఊపు వచ్చే అవకాశం తక్కువ. అయినా ఊటనీరు పైన ఉండే వీధులు ఏవో తెలిసి ఉండటం మేలు.

అందుకని మట్టి పరీక్షల వాళ్లను పిలిపించి పార్కులోనూ, చెరువు కట్ట వైపు వీధి చివరా బోర్లు వేయించాం. పద్ధతి సులువే. 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ, గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కపెడతారు. 30 దాటితే గట్టి నేల, పదికి లోపైతే మెత్తనేల. పార్కులో కాస్త లోతుకే గరుసు, దాని కింద బండ తగిలాయి. కట్ట వైపు పైనంతా తోలిన మట్టి, ఇటుక ముక్కలు, దాని కింద చెరువు బంక, ఆ కింద ఇసుక. అక్కడ దెబ్బలు పదికి చేరలేదు. పాత సర్వే పటాలు తెచ్చి చూస్తే ఆ వీధి గుండానే చెరువు మొరవ నీళ్లు పోయే వంక ఉంది. కాలనీలోని పెద్దవాళ్లు ఈ మాట ఎప్పటినుంచో చెబుతున్నారు.

"ఇది బయటికి తెలిస్తే స్థలాల రేట్లు పడిపోతాయి" అని కొందరు సభ్యులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. వారి బాధ అర్థమైంది. అయినా కాగితాలు దాచకూడదనే కమిటీ నిర్ణయించింది. ఆఫీసులో ఫైలు ఉంది, ఎవరైనా చూడవచ్చు. మెత్తనేల అంటే ఇల్లు కట్టకూడదని కాదు. దానికి తగ్గ పునాది వేయాలి. భూకంపాలకు తట్టుకునే కట్టడాల జాతీయ కోడ్ (2016) ప్రకారం ఎత్తైన భవనానికి అక్కడ గట్టి నేల కన్నా 1.67 రెట్ల భూకంప బలం లెక్కలోకి తీసుకోవాలి. బోరు వేసే ముందు నీళ్ల జాడ చూపేవారిని పిలుస్తాం, ఇల్లు మొదలుపెట్టే ముందు వాస్తు చూపిస్తాం. పునాది కింద ఏముందో చూసుకోవడానికి మాత్రం ఖర్చు దండగ అనిపిస్తుంది.

నేల కన్నా ఎక్కువ కంగారు పెట్టే సంగతి పార్కింగ్ కోసం కింద అంతస్తు ఖాళీగా వదిలి పిల్లర్ల మీద లేపిన భవనాలు. 2001 జనవరి 26న భుజ్ భూకంపానికి 200 కి.మీ. పైగా దూరంలోని అహ్మదాబాద్‌లో కూలిన అపార్ట్‌మెంట్లలో ఇలాంటివే ఎక్కువ. పైన గోడలతో బిగుతుగా, కింద గోడలు లేక బలహీనంగా ఉండటంతో భారమంతా పిల్లర్ల మీదే పడుతుంది. పిల్లర్ల రింగులకు కొక్కెం 90 డిగ్రీలకు వంచి వదిలేస్తే ఊపుకు విడిపోతుంది. 135 డిగ్రీలకు లోపలికి వంచాలి. మన మేస్త్రీలతో మాట్లాడితే, అలా వంచడం వారికి కష్టమేమీ కాదని, అడిగేవాళ్లే లేరని అన్నారు.

వచ్చే సర్వసభ్య సమావేశంలో ఓటుకు పెడుతున్నవి: కట్ట వైపు వీధుల్లో కొత్తగా ఇల్లు కట్టేవారు మట్టి పరీక్ష కాగితం సంఘానికి ఇవ్వాలి. పార్కింగ్ అంతస్తున్న భవనాలను స్ట్రక్చరల్ ఇంజనీరుతో చూపించడానికి అయ్యే ఫీజులో సగం సంఘం భరిస్తుంది. వంక మీద మట్టి తోలడం ఆపించమని కార్పొరేషన్‌కు అర్జీ పెట్టాలి. మూడోదానికి సంతకాల కాగితం ఇప్పటికే ఆఫీసులో ఉంది, వీలైనవారు సమావేశానికి ముందే వచ్చి సంతకం చేయగలరు.

కమిటీ తరఫున,
కార్యదర్శి