శీనుకి, అమెరికాలో స్టీరింగ్ పట్టే ముందు

అరేయ్ శీనూ,

నీ మెసేజ్ చూసి చాలా సంతోషమేసింది. లాస్ ఏంజిలెస్‌లో దిగి, కారు అద్దెకు తీసుకుని, చెల్లెని, పిల్లల్ని, అమ్మని ఎక్కించుకుని గ్రాండ్ కాన్యన్ దాకా నువ్వే నడుపుకుంటూ పోతానంటున్నావు. బస్సు టూర్ వద్దనుకోవడం మంచి పని. ఆ ఎడారి దారిలో మనసైన చోట ఆగాలంటే బండి మన చేతిలో ఉండాల్సిందే. కానీ చివర్లో ఒక మాట రాశావు చూడు, "అక్కడ రోడ్లన్నీ ఖాళీయే కదా, మనలెక్క ఎడమన కాక కుడివైపు నడిపితే ఏమైతది, గంటలో అలవాటైపోతది" అని. అది చదివాక ఫోన్‌లో రెండు ముక్కలు చెబితే సరిపోదనిపించి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. టీ పెట్టుకుని తీరిగ్గా చదువు. చెల్లెతో కూడా చదివించు, ఆమెకీ ఇందులో పని ఉంది.

గంటలో అలవాటైపోతుందన్నది నిజమేరా. మేం పోయిన ఏడాది అమెరికాలో మా తమ్ముడి దగ్గరికి వెళ్ళినప్పుడు నేనూ అదే చూశాను. ముందొక బండి, వెనకొక బండి, పక్కనొక బండి ఉన్నంతసేపూ నువ్వు తప్పు వైపు పోదామన్నా పోలేవు. గుంపు నిన్ను మోసుకుపోతుంది. భయపడాల్సింది ట్రాఫిక్‌కి కాదు, ఖాళీ రోడ్డుకి. పొద్దున్నే మోటెల్‌లోంచి బయటికి వచ్చే మొదటి మలుపు, పెట్రోల్ కొట్టించుకుని మళ్ళీ రోడ్డెక్కే క్షణం, షాపింగ్ మాల్ పార్కింగ్‌లోంచి బయటపడే చోటు, ఒన్‌వే అయిపోయి రెండు వైపుల రోడ్డు మొదలయ్యే దగ్గర. అక్కడ ముందు బండి ఉండదు, చూసి నేర్చుకోవడానికి ఏమీ ఉండదు. మనసేమో పిల్లలు నీళ్ళు అడుగుతున్నారనో, మ్యాప్ ఏదో చెబుతోందనో ఇంకెక్కడో ఉంటుంది. అప్పుడు చేతులు వాటికి తెలిసిన పని చేసేస్తాయి. మన చేతులకి ఇన్నేళ్ళుగా తెలిసిన పని ఎడమకి పోవడమే.

ఇంకో సంగతి ఉంది, ఇది మన ఊళ్ళలో నడిపేవాళ్ళకే ప్రత్యేకం. మన దగ్గర రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బండిని చూడని రోజుండదు. హన్మకొండ చౌరస్తాలో అయినా, హైదరాబాద్‌లో యూటర్న్ దూరమైన ఏ రోడ్డు మీదైనా, ఎదురుగా బండి రాగానే మనం అనుకునేది ఒక్కటే, వాడు రాంగ్ రూట్‌లో వస్తున్నాడని. హారన్ కొట్టి, కాస్త ఎడమకి జరిగి పోతాం. ఈ అలవాటు అక్కడ చాలా ప్రమాదం. అక్కడ నీ లేన్‌లో ఎదురుగా హెడ్‌లైట్లు కనబడితే, రాంగ్ రూట్‌లో ఉన్నది నువ్వేనని మొదట అనుకో. తప్పించుకోవడానికి జరగాల్సింది కూడా కుడికే, ఎడమకి కాదు. ఇది ఇంట్లో కూర్చుని పదిసార్లు అనుకో, ఎందుకంటే అక్కడ ఆలోచించే టైం ఉండదు.

మా చిన్నమామ నీకు గుర్తుండే ఉంటాడు, కువైట్‌లో హౌస్ డ్రైవర్‌గా చేసినాయన. గల్ఫ్ దేశాలన్నీ కుడివైపే కదా. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి, ఆ పక్క కడప నుంచి, కోనసీమ నుంచి అక్కడికి పోయి స్టీరింగ్ పట్టినవాళ్ళు ఎంతమందో. ఈ విషయంలో మనకున్న పెద్ద గురువులు వాళ్ళే అని నా నమ్మకం. అమెరికా వెళ్ళొచ్చినవాళ్ళు ఫొటోలు చూపిస్తారు గానీ, పొట్టకూటి కోసం అటూ ఇటూ మారి నడిపినవాళ్ళకి తెలిసినంత ఎవరికీ తెలియదు. నేను బయల్దేరే ముందు మామకి ఫోన్ చేస్తే ఒక్క ముక్క చెప్పాడు. "ఏ దేశమైనా సరే, నువ్వు కూసున్న దిక్కు రోడ్డు నడుమ ఉండాలె. పక్క సీటు దిక్కు రోడ్డు అంచు ఉండాలె." అంతే. కుడి, ఎడమ అని లెక్కలు వేసుకునే పనే లేదు. ఇక్కడ కుడి సీట్లో కూర్చుంటాం, రోడ్డు మధ్య మన కుడిభుజం పక్కన ఉంటుంది. అక్కడ ఎడమ సీట్లో కూర్చుంటాం, రోడ్డు మధ్య ఎడమభుజం పక్కన ఉండాలి. ఆయన సెలవు మీద ఇంటికొచ్చినప్పుడు కూడా వచ్చిన రోజు బండి ముట్టేవాడు కాదు. ఎవరి వెనకాలో కూర్చుని ఊరంతా తిరిగి, రోడ్డు మళ్ళీ కంటికి అలవాటయ్యాకే తాళం చెవి తీసుకునేవాడు. తిరిగొచ్చాక నువ్వూ అలాగే చెయ్యి.

మామ చెప్పిన దానికి అమెరికాలో గుర్తు కూడా దొరుకుతుంది. రెండు వైపులా బండ్లు నడిచే రోడ్డు మీద మధ్యలో పసుప్పచ్చ గీత ఉంటుంది. పెద్ద హైవేల మీద డివైడర్ పక్కన, అంటే నీ ఎడమ అంచున పసుపు, కుడి అంచున తెలుపు. పసుపు ఎప్పుడూ నీ మోచేతి వైపే ఉండాలి. పసుపు నీకు కుడిపక్కన కనబడిందంటే వెంటనే ఆగిపోవాల్సిందే. రాత్రిపూట ఇంకో గుర్తు. కాలిఫోర్నియా ఫ్రీవేల మీద, అంటే సిగ్నళ్ళు లేని పెద్ద హైవేల మీద, లేన్ గీతల వెంట చిన్న చిన్న రిఫ్లెక్టర్లు అతికించి ఉంటాయి. సరైన వైపు పోతుంటే నీ లైట్లకి తెల్లగా మెరుస్తాయి. తప్పు వైపు నుంచి వస్తే అవే ఎర్రగా కనిపిస్తాయి. ఎవరో ఎప్పుడో నీలాంటి, నాలాంటి వాడి గురించి ఆలోచించి ఆ బిళ్ళ వెనకవైపు ఎరుపు పెట్టారు కదా అని నాకు చాలా గౌరవం కలిగింది. తమ్ముడు చూపించేదాకా నాకు తెలియదు ఈ సంగతి.

ఇక కారులో కూర్చున్నాక. పెడల్స్ వరస మారదు, యాక్సిలరేటర్ కుడికాలికే. కానీ దాదాపు అన్ని అద్దె కార్లూ ఆటోమేటిక్. నీ స్విఫ్ట్‌లో క్లచ్ తొక్కే ఎడమకాలు ఊరుకోదు. క్లచ్ అనుకుని తొక్కితే అక్కడ ఉండేది వెడల్పాటి బ్రేక్ పెడల్, బండి ఒక్కసారిగా ఆగిపోతుంది, వెనకవాడు వచ్చి గుద్దుతాడు. ఎడమకాలిని సీటు వైపు వెనక్కి లాగిపెట్టుకో. వెళ్ళే ముందు ఇక్కడే ఎవరిదైనా ఆటోమేటిక్ బండి అడిగి నాలుగు రోజులు తిప్పు, ఒక కొత్తదనం ఇక్కడే వదిలిపోతుంది. ఇండికేటర్ అక్కడ ఎడమచేతి వైపు, వైపర్ కుడిచేతి వైపు. మన బండ్లలో ఎక్కువగా దీనికి రివర్స్. రోడ్డెక్కాక తడుముకోకుండా పార్కింగ్‌లోనే రెండూ పదిసార్లు వేసి చూసుకో. వెనక చూసుకునే లోపలి అద్దం కూడా కుడిపక్కన ఉంటుంది, కన్ను అలవాటుగా ఎడమకి పోతుంది.

ఎవరూ చెప్పని చిక్కు ఇంకోటి, బండి కుడికి జరగడం. మనం ఇక్కడ కుడి సీట్లో కూర్చుని, బండి వెడల్పంతా ఎడమపక్కన ఉందని లెక్క వేసుకుంటాం. అక్కడ ఎడమ సీట్లో కూర్చుని కూడా మన ఒళ్ళు పాత చోటే వెతుక్కుంటుంది, దాంతో బండి మెల్లగా కుడి అంచుకి పోతుంటుంది. పక్క సీట్లో కూర్చున్నవాళ్ళు హడలిపోతారు. చెల్లె "అంచుకి పోతున్నాం" అంటే వాదించకు, ఆమె కూర్చున్న చోటు నుంచి ఆ అంచు నీకంటే బాగా కనిపిస్తుంది.

ఆమెకి పని ఉందన్నాను కదా, అదేమిటంటే, ప్రతి మలుపు ముందూ పైకి వినపడేలా చెప్పాలి. మా ఇంట్లో ఈ ఒప్పందం చేసుకునే బయల్దేరాం. ఎడమకి తిరగాలంటే "పెద్ద మలుపు", కుడికి తిరగాలంటే "చిన్న మలుపు". మన దగ్గర ఎడమకి తిరగడం చిన్నది, కుడికి తిరగడం ఎదుటి ట్రాఫిక్‌ని దాటుకుంటూ పోయే పెద్దది. అక్కడ సరిగ్గా తలకిందులు. అరిజోనాలో ఐ-40 హైవే దిగి సెలిగ్మన్ అనే చిన్న ఊళ్ళో ఆగాం, రూట్ 66 అనే పాత రోడ్డు ఊరి మధ్య నుంచే పోతుంది. పెట్రోల్ కొట్టించి బయటికి వస్తుంటే రోడ్డు మీద ఇటు చూసినా అటు చూసినా పురుగు లేదు. ఎండ, గాలి, దూరంగా రైలు కూత. నేను ఎడమ ఇండికేటర్ వేశాను, మా ఆవిడ "పెద్ద మలుపు, దూరం పక్కకి" అంది. నేనూ అదే మాట పైకి అన్నాను, తిరిగాను. అంత ఖాళీ రోడ్డు మీద ఆ మాటలు ఎందుకని నవ్వేవాళ్ళు నవ్వనీ. పిల్లలు కూడా రెండో రోజుకల్లా వెనకనుంచి కోరస్ ఇచ్చారు. నీ పిల్లలకీ నేర్పు, వాళ్ళకి సరదా, నీకు కాపలా.

సిగ్నళ్ళ దగ్గర మన ఫ్రీ లెఫ్ట్ లాగా అక్కడ ఫ్రీ రైట్ ఉందనుకుంటారు మనవాళ్ళు. కాలిఫోర్నియాలో, అరిజోనాలో ఎర్రలైట్ ఉన్నా కుడికి తిరగొచ్చు, కానీ మొదట బండిని పూర్తిగా ఆపాలి, నడిచేవాళ్ళకీ ఎడమనుంచి వచ్చే బండ్లకీ దారి ఇవ్వాలి, తిరగకూడదని బోర్డుంటే ఆగిపోవాలి. ఎడమకి తిరిగేటప్పుడు పచ్చ బాణం ఉంటే నీ వంతు. ఉత్త పచ్చలైటే ఉంటే ఎదురొచ్చేవాళ్ళు పోయేదాకా ఆగాల్సింది నువ్వు. నెమ్మదిగా పోయేవాళ్ళు కుడి లేన్‌లో ఉండాలి, దాటడం ఎడమనుంచి. అంబులెన్స్ కూత వినబడితే కుడి అంచుకి జరిగి ఆగు. పోలీసు లైట్లు వెనక వెలిగినా అంతే, కుడికి ఆపి, చేతులు స్టీరింగ్ మీద పెట్టుకుని సీట్లోనే కూర్చో, దిగకు.

అమ్మ సంగతి మాత్రం నువ్వు ప్రత్యేకంగా చూసుకోవాలి. నడిపేవాడికంటే నడిచేవాళ్ళకి ఎక్కువ గండం. మనం రోడ్డు దాటేటప్పుడు ముందు కుడికి చూస్తాం, అక్కడ దగ్గరి లేన్‌లో బండ్లు వచ్చేది ఎడమనుంచి. దిగిన మొదటి రోజే చెయ్యి పట్టుకుని రెండు మూడు చోట్ల దాటించి చూపించు.

నువ్వు సోషల్ సార్‌వి, వాళ్ళెందుకు కుడికి పోతారని నీ స్టూడెంట్స్ అడుగుతారు. పూర్వం అక్కడ సరుకు బండ్లని జతలు జతలుగా గుర్రాలు లాగేవి. తోలేవాడు ఎడమపక్క గుర్రం మీదో, బండికి ఎడమపక్కనో ఉండేవాడు. ఎదుటి బండి తన పక్కనుంచి పోతేనే చక్రాలు తగలకుండా చూసుకోగలడు, అందుకని కుడికి ఉండడం వాడుకైందని చెబుతారు. పెన్సిల్వేనియాలో 1792లోనే ఒక రోడ్డుకి చట్టం పెట్టారు, న్యూయార్క్ 1804లో. బ్రిటన్ 1835లో ఎడమని ఖాయం చేసింది, మనకి వచ్చింది ఆ దారినే.

కానీ వీటన్నిటికంటే నన్ను పట్టేసింది స్వీడన్ కథ. వాళ్ళు ఎడమనే నడిపేవాళ్ళు, చుట్టుపక్కల దేశాలు కుడి. 1955లో జనాన్ని ఓటు అడిగితే నూటికి 80 మందికి పైగా మార్పు వద్దన్నారు. అయినా ప్రభుత్వం 1967 సెప్టెంబరు 3న దేశం మొత్తాన్ని మార్చేసింది. తెల్లవారుజామున 4:50కి రోడ్డు మీదున్న బండ్లన్నీ ఆగి, జాగ్రత్తగా కుడికి జరిగి, 5 గంటలకి కదిలాయి. పాల డబ్బాల మీద కూడా ఆ రోజు గుర్తు ముద్రించి నెలల తరబడి జనాన్ని సిద్ధం చేశారు. ఇంత జరిగాక ప్రమాదాలు పెరగాలి కదా? మొదట్లో తగ్గాయిరా. అందరూ ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడిపారు. ఆ తర్వాత అలవాటైపోయి మళ్ళీ పాత లెక్కకి చేరాయి. నువ్వు రాసిన "గంటలో అలవాటైపోతది" చదివినప్పుడు నాకు వెంటనే గుర్తొచ్చింది ఇదే. నాకు నీ మొదటి రోజు గురించి దిగులు లేదు. మూడో రోజు, నాలుగో రోజు, పాటలు పెట్టుకుని హాయిగా పోతున్నప్పటి గురించే దిగులు.

దిగిన రోజు మాత్రం స్టీరింగ్ ముట్టనని నాకు మాటివ్వు. మేలో మనకీ లాస్ ఏంజిలెస్‌కీ పన్నెండున్నర గంటల తేడా. అక్కడ మధ్యాహ్నం రెండంటే నీ ఒంటికి అర్ధరాత్రి దాటి రెండున్నర. ఎయిర్‌పోర్ట్ నుంచి టాక్సీలో హోటల్‌కి పో, బాగా నిద్రపో, కారు తర్వాత తీసుకో. ఫ్రీవే ఎక్కే ముందు హోటల్ చుట్టుపక్కల వీధుల్లో అరగంట తిరుగు. తర్వాత ఐ-15 మీద బార్‌స్టో దాకా పోయి ఆ రాత్రి అక్కడే పడుకోండి. మర్నాడు ఐ-40 పట్టుకుని కింగ్‌మన్, సెలిగ్మన్ మీదుగా విలియమ్స్. అక్కడినుంచి కాన్యన్ దగ్గరే. స్పీడ్ బోర్డులు మైళ్ళలో ఉంటాయి, 70 అంటే మన లెక్కలో సుమారు 113 కిలోమీటర్లు. ఎడారిలో అది స్పీడులాగే అనిపించదు, మీటర్ చూస్తుండు.

లైసెన్స్ గురించి అడిగావు కదా. కాలిఫోర్నియాలో టూరిస్టుగా మన లైసెన్స్‌తోనే నడపొచ్చు, అయినా ఆర్టీఏ ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకో. అద్దె కారు కౌంటర్ దగ్గర అడిగేవాళ్ళున్నారు. ఫారం 4ఏ నింపాలి, పాస్‌పోర్ట్, వీసా, లైసెన్స్ కాపీలు పెట్టాలి, ఏడాది చెల్లుతుంది. అది ఉన్నా ఒరిజినల్ లైసెన్స్ జేబులో ఉండాల్సిందే. ఈ వారమే వెళ్ళు, చివరి నిమిషం దాకా ఉంచకు.

టికెట్ల కాపీ నాకు వాట్సాప్ చెయ్యి. తమ్ముడికి చెప్పి ఉంచుతాను, నువ్వు కారు తీసుకునే రోజు కుదిరితే పక్కన కూర్చుంటాడు. వాడి నంబర్ సాయంత్రం పంపిస్తాను. అమ్మకి నా నమస్కారాలు చెప్పు, పిల్లలకి ముద్దులు.

నీ
రవి